నాలుగు చక్రాలూ లాగే బండి కొందామనుకుంటున్నారా?

బేరం ఆడే ముందు మీ బాటలో బురద రోజులు లెక్కపెట్టండి

పంట అమ్మి నాలుగు డబ్బులు చేతిలో పడగానే ఇంట్లో బండి మాట మొదలవుతుంది. ట్రాక్టరు కొనేంత భూమి లేదు. మోటారు సైకిలు మీద ఇంటిల్లిపాదీ పట్టరు. ఈలోగా పట్నంలో మెకానిక్కో, చుట్టాల్లో ఒకరో పాత జీపు కబురు తెస్తారు. పిల్లలు ఆస్పత్రికి, బడికి, పెళ్లిళ్లకు వెళ్లొచ్చు, యూరియా బస్తాలు వేసుకోవచ్చు, వానాకాలంలో చేను దాకా పోవచ్చు, ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ఎక్కడా దిగబడదు అని చెబుతారు. కుర్రవాడికి ఆ బండి మీద మనసు పడుతుంది. పెద్దాయన సందిగ్ధంలో పడతాడు.

రెండెకరాలు, నాలుగెకరాలు ఉన్న ఇంటికి ఇది చిన్న ఖర్చు కాదు. ఒక్క బేరం తప్పితే రెండు మూడు పంటల రాబడి షెడ్డు పాలవుతుంది. అందుకని ఇలాంటి బండ్లు ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఏం చెబుతున్నారో, అందులో మన చిన్న రైతుకు పనికొచ్చేది ఏమిటో ఈ వారం తెలుసుకుందాం.

అసలు నాలుగు చక్రాలు లాగడమంటే?

మామూలు బండికి చక్రాలు నాలుగున్నా లాగేవి రెండే. మారుతి 800 వంటి కార్లలో ముందువి లాగుతాయి, వెనకవి ఊరికే దొర్లుతాయి. బొలెరో వంటి బండ్లలో వెనకవి లాగుతాయి. లాగే చక్రం బురదలో జారిందంటే బండి ఆగిపోయినట్టే.

ఇదివరకు ఎడ్లబండి దిగబడితే ముందు ఇంకో జత ఎడ్లను కట్టి లాగించేవాళ్లు గుర్తుందా? ఫోర్ వీల్ డ్రైవ్ అంటే అంతే. ఇంజను శక్తిని ఒక గేరు పెట్టె రెండుగా పంచుతుంది. ఒక షాఫ్టు వెనక ఇరుసుకు, ఇంకొకటి ముందు ఇరుసుకు వెళుతుంది. వెనక చక్రాలు జారినా ముందువి పట్టుకుని లాగుతాయి. చాలా జీపుల్లో గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్డు ఒకటి ఉంటుంది. అది వేస్తేనే ముందు చక్రాలు పనిలోకి వస్తాయి. అదే రాడ్డుతో బాగా నిదానంగా, బాగా బలంగా లాగే లో గేరు కూడా పడుతుంది.

ఇందులో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి. రాడ్డు లేదా బటను వేస్తేనే నాలుగూ లాగేవి ఒక రకం. పాత మహీంద్రా జీపులు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ, థార్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ రకాలు ఇలాంటివే. రెండోది చక్రం జారినప్పుడు తనంతట తానే మిగతా చక్రాలకు శక్తి పంపే కార్లు. రెనో డస్టర్‌లో 2014లో వచ్చిన ఒక రకం, 2022లో వచ్చిన గ్రాండ్ విటారాలో ఒక రకం ఇలాంటివి. రెండో రకం సుఖంగా ఉంటుంది. కానీ లోతు బురదకు, రాళ్ల బాటకు మొదటి రకమే మొండిది. రిపేరు కూడా మొదటి రకానికే మన దగ్గర్లో దొరుకుతుంది.

మంచు దేశాల్లో పుట్టిన అవసరం

యుద్ధకాలపు జీపుల సంగతి వేరు. ఇంటిల్లిపాదీ వాడుకునే కారుకు నాలుగు చక్రాల లాగుడు పెట్టి పెద్ద ఎత్తున తయారు చేయడం జపానులో 1972లో వచ్చిన సుబారు లియోన్ కారుతో మొదలైంది. ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో మంచు మేటలు వేస్తుంది. కరెంటు లైన్లు చూసే సిబ్బందికి జీపులు ఉండేవి గానీ వాటిలో చలికి తట్టుకోలేకపోయేవారు. జీపులా లాగి, కారులా వెచ్చగా ఉండే బండి కావాలని అక్కడి కరెంటు కంపెనీ అడిగింది. దాంతో ఈ ఆలోచన పుట్టింది. ఇటలీలో 1983లో ఫియట్ పాండా అనే చిన్న కారుకూ ఇదే ఏర్పాటు చేశారు. కొండల్లో ఉండే రైతులకు అది బాగా అచ్చొచ్చింది.

ఈ కబురు ఎందుకంటే, అక్కడ నెలల తరబడి దారి మీద మంచు ఉంటుంది. అంచేత ఆ ఖర్చు వాళ్లకు గిట్టుబాటు అయింది. మన దగ్గర అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. మీ దారి ఏడాదిలో ఎన్ని రోజులు మామూలు బండిని పోనివ్వదు?

వాడేవాళ్లు మెచ్చుకునేది ఏమిటి?

పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో జీపు వాడేవాళ్లను అడిగితే మొదట చెప్పేది ఘాట్ ఎక్కుడు గురించే. రాళ్లు తేలిన ఎగువ బాటలో బరువుతో ఎక్కేటప్పుడు చిన్న రాడ్డు వేస్తే క్లచ్చు కాలదు, చక్రం గిరగిర తిరగదు. దిగేటప్పుడు లో గేరులో వస్తే బ్రేకులు వేడెక్కవు. రాత్రిపూట కాన్పు నొప్పులు మొదలైన మనిషిని తారు రోడ్డు దాకా చేర్చడానికి ఈ బండి ఎంత అక్కరకొస్తుందో అక్కడివాళ్లకు తెలుసు. ఆ విలువ డబ్బులతో కొలవలేం.

రెండోది, బండి నేలకు ఎత్తుగా ఉండటం. నిజం చెప్పాలంటే పొలం బాటల్లో సగం పని ఈ ఎత్తే చేస్తుంది. గాడి మధ్యలో లేచిన మట్టి కట్ట బండి పొట్టకు తగలదు. ఇది ఫోర్ వీల్ డ్రైవ్ గొప్ప కాదు, ఎత్తు గొప్ప. ఎత్తు చాలనుకునేవాళ్లకు రెండు చక్రాలు లాగే బొలెరో వంటి బండే సరిపోవచ్చు. ఈ తేడా తెలియక చాలామంది అదనంగా డబ్బు పోస్తున్నారు.

మూడోది ఇసుక. తీరప్రాంతంలో, ఏటి ఒడ్డున ఇసుక బాటల్లో టైర్లలో గాలి మూడో వంతు తగ్గించి, నాలుగు చక్రాలతో నిదానంగా పోతే బండి తేలిగ్గా దాటుతుంది. టైరు అడుగు వెడల్పయి ఇసుక మీద పరుచుకుంటుంది. కాకపోతే తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాల్సిందే. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. చేతిపంపు బండిలో లేకుండా గాలి తీయకండి.

వాడేవాళ్లు తిట్టుకునేది ఏమిటి?

అన్నిటికంటే ఎక్కువ వినబడేది ఇంధనం సంగతి. పాత పెట్రోలు జిప్సీ లీటరుకు పది కిలోమీటర్లు అటూ ఇటూగా ఇస్తుంది. ముందు ఇరుసు, అదనపు గేరు పెట్టె, రెండో షాఫ్టు, ఇవన్నీ బరువే. చిన్న రాడ్డు వేయకపోయినా ఆ బరువు మోయక తప్పదు.

రెండోది కుదుపు. పాత జీపులకు ముందూ వెనకా కమాను కట్టలే. చేను బాటకు అవి మొండిగా నిలుస్తాయి గానీ, వెనక సీట్లో కూర్చున్న ముసలివాళ్లకు నడుములు పడిపోతాయి. ఇంట్లో నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఉంటే కొనే ముందు వాళ్లను వెనక కూర్చోబెట్టి గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పి చూడండి. ముందు సీట్లో కూర్చున్నవాడికి ఈ బాధ తెలియదు.

మూడోది మెకానిక్కు. మామూలు బండి మండల కేంద్రంలో బాగవుతుంది. ముందు డిఫరెన్షియల్ పాడైతే జిల్లా కేంద్రానికి పోవాలి. పాత బండ్లకు సామాను దొరక్క నెలల తరబడి షెడ్డులో పడి ఉన్నవీ ఉన్నాయి. జిప్సీ అమ్మకం మామూలు జనానికి 2019 నాటికే ఆగిపోయింది. అంచేత పాత జిప్సీ కొనేవాళ్లు ముందు సామాను ఎక్కడ దొరుకుతుందో వాకబు చేసుకోవాలి.

రోడ్డెక్కాక చిన్న రాడ్డు తీసేయండి

కొత్తగా కొన్నవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇదే. నాలుగు చక్రాలు లాగితే పట్టు ఎక్కువ కదా అని తారు రోడ్డు మీద కూడా రాడ్డు వేసి ఉంచుతారు. ఇది బండికి చేటు.

ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు వెలపలి ఎద్దు ఎక్కువ అడుగులు వేస్తుంది, లోపలి ఎద్దు తక్కువ వేస్తుంది. బండిలో కూడా మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. కానీ రాడ్డు వేశాక ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారే వీల్లేదు. అప్పుడు గేర్లు, జాయింట్లు మెలిపడతాయి. స్టీరింగు బిగుస్తుంది, టైర్లు గీరుకుపోతాయి, రాడ్డు వెనక్కి రాదు. చివరికి ఏదో ఒక గేరు పళ్లు ఊడతాయి. రాడ్డు ఇరుక్కుంటే సుత్తితో కొట్టకండి. స్టీరింగు నిటారుగా పెట్టి కొద్దిగా వెనక్కి నడిపితే వదులుతుంది.

వారానికో, పది రోజులకో ఒకసారి మెత్తటి మట్టి బాట మీద కాసేపు రాడ్డు వేసి నడపండి. ఏడాది పొడవునా వాడకుండా వదిలేస్తే లోపల నూనె అందక బిగుసుకుపోతుంది. తీరా తుఫాను రోజున వేయబోతే పడదు.

టైర్లు నాలుగూ ఒక్కటే ఉండాలి

మామూలు బండికి అరిగిన రెండు టైర్లు మార్చి సరిపెట్టుకుంటాం. ఈ బండికి అది కుదరదు. కొత్త టైరు అడ్డకొలత 70 సెంటీమీటర్లు ఉందనుకోండి. పైన పట్టు ఆరు మిల్లీమీటర్లు అరిగితే కిలోమీటరుకు కొత్తదాని కంటే సుమారు ఎనిమిది చుట్లు ఎక్కువ తిరుగుతుంది. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే నిటారు రోడ్డు మీద కూడా మెలి పడుతూనే ఉంటుంది. తనంతట తానే పనిచేసే రకం కార్లలో మధ్యనుండే జోడింపు వేడెక్కి పోతుంది. అది మార్చాలంటే చాలా ఖర్చు.

కాబట్టి నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, దాదాపు ఒకే అరుగుదలవి ఉండాలి. స్టెప్నీ కూడా అదే సైజుది ఉండాలి. మార్చాల్సి వస్తే నాలుగూ ఒకేసారి మార్చాలి. ఆ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టగలరా, ఆలోచించుకోండి.

దిగబడినప్పుడు ఏం చేయాలి?

నాలుగు చక్రాల బండి దిగబడదు అనేది ఉత్త మాట. దిగబడుతుంది. దిగబడితే మామూలు బండి కంటే లోపలికి, దూరంగా దిగబడుతుంది. ఎందుకంటే మామూలు బండి గట్టు మీదే ఆగిపోతుంది, ఇది చేను నడిమధ్య దాకా పోయి ఆగుతుంది.

ఇంకో సంగతి. ఇరుసుకు రెండు పక్కలా చక్రాలుంటాయి. డిఫరెన్షియల్ గుణం ఏమిటంటే తేలిగ్గా తిరిగే చక్రమే తిరుగుతుంది. అంచేత ముందు ఒకటి, వెనక ఒకటి బురదలో పడితే ఆ రెండే గిరగిర తిరుగుతాయి, మిగతా రెండూ కదలవు. కొన్ని బండ్లకు దీన్ని బిగించే లాక్ ఉంటుంది, చాలావాటికి ఉండదు.

చక్రం తిరిగిపోతుంటే యాక్సిలరేటరు తొక్కకండి. గొయ్యి తవ్వుకున్నట్టే. వెంటనే ఆపి, పారతో చక్రాల ముందు మట్టి తీసి, ఎండు కంప, రాళ్లు, పాత గోనెసంచులు, చెక్క పలకలు వేయండి. లో గేరు వేసి నిదానంగా కదపండి. ముందుకు రాకపోతే వచ్చిన గాడిలోనే వెనక్కి రావడం మేలు. ట్రాక్టరుతో లాగించేటప్పుడు తాడును బంపరుకు కట్టకండి, చాసీకి ఉన్న కొక్కేనికే కట్టండి. తాడు దగ్గర, తాడుకు ఎదురుగా ఎవర్నీ నిలబడనీయకండి. తెగిన తాడు, ఊడిన కొక్కెం మనిషి ప్రాణం తీయగలవు. పిల్లల్ని దూరంగా పంపేయండి.

రేగడి నేల ఉన్నవాళ్లకు ఓ మాట

నంద్యాల, కోయిలకుంట్ల వైపు గానీ, ఆదిలాబాద్ పత్తి నేలల్లో గానీ వాన పడ్డాక రేగడి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. చెప్పుకే శేరు మట్టి అంటుకుంటుంది. టైరు గాళ్లన్నీ మట్టితో నిండి గుండు టైరులా అవుతుంది. అప్పుడు నాలుగు చక్రాలు లాగినా నలభై చక్రాలు లాగినా పట్టు ఉండదు. చక్రానికీ బాడీకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రమే తిరగదు. ఇక్కడ వాడేవాళ్లు చెప్పే మంచి సలహా ఒకటే. వాన వెలిశాక ఒక పూటో, ఒక రోజో ఆగండి. పై పొర ఆరనివ్వండి. ఎర్ర నేలల్లో, చెలక నేలల్లో నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి అంత ఇబ్బంది లేదు.

తడి చేలోకి బండి దించితే ఇంకో నష్టం కూడా ఉంది. చక్రాల బరువుకు తడి నేల అణిగి గట్టిపడుతుంది. ఆ గాడిలో వేరు దిగదు, నీరు ఇంకదు. రెండు మూడు పంటల దాకా ఆ చార కనబడుతూనే ఉంటుంది. బండిని గట్టు మీదే ఆపి బస్తా భుజాన వేసుకోవడమే నేలకు మంచిది.

వాగు ముందు అన్ని బండ్లూ ఒకటే

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. ఏటా వానల్లో మన జిల్లాల్లో వాగు దాటబోయి కొట్టుకుపోయిన బండ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఏం చేశాయో చూశాం. పెద్ద బండి ఉంది, ఫోర్ వీల్ ఉంది అన్న ధీమా వాగు దగ్గర పనికిరాదు.

చక్రానికి పట్టు వచ్చేది బండి బరువు వల్ల. నీరు పైకి తోసేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారు తేలిపోగలదు. రెండడుగులుంటే జీపుల వంటివాటిని కూడా నెట్టుకుపోతుంది. తేలిన బండికి నాలుగు చక్రాలూ గాలిలో తిరిగినట్టే. పైగా బురద నీటి కింద కల్వర్టు ఉందో, తెగిపోయిందో కనబడదు. నిన్న దాటిన చోటే ఈరోజు గొయ్యి ఉండొచ్చు.

కాబట్టి పారుతున్న వాగులోకి బండి దించకండి. బండిలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు అసలే వద్దు. ముందు పోయినవాడు దాటాడని మీరు దించకండి. నిలిచిన నీటిలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకండి. ఇంజనులోకి నీరు చేరి ఉంటే ఒక్క తాళం తిప్పుడుకే లోపలి రాడ్లు వంగిపోతాయి. నీటిలో స్టార్టు చేసి ఇంజను పాడు చేసుకుంటే మామూలు ఇన్సూరెన్సు చాలావరకు రాదు.

బ్రేకు సంగతి కూడా ఇలాంటిదే. ఏ కారుకైనా బ్రేకు నాలుగు చక్రాలకూ పడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి త్వరగా బయల్దేరుతుంది గానీ, తడి రోడ్డు మీద త్వరగా ఆగదు. బరువు ఎక్కువ కాబట్టి ఇంకాస్త ఆలస్యంగానే ఆగొచ్చు.

ఒకే బండిలో మనుషులూ మందులూ వద్దు

నలుగురు పెద్దవాళ్లు, 45 కిలోల యూరియా బస్తాలు ఐదు వేస్తే దగ్గర దగ్గర 500 కిలోలు. అంత బరువు మీ బండి మోయగలదో లేదో దాని పుస్తకంలో చూసుకోండి. బస్తాలు వెనక అంచుకు వేస్తే ముందు చక్రాలు తేలిక పడి స్టీరింగు పట్టు తప్పుతుంది.

పురుగు మందుల డబ్బాలు, కలుపు మందులు పిల్లలు కూర్చునే చోట, కూరగాయలు, బియ్యం పక్కన పెట్టకండి. మూసిన బండిలో ఆ వాసన పీలిస్తే ప్రమాదం. మందు తెచ్చేరోజు మనుషుల్ని ఎక్కించకండి, లేదా డబ్బాలను మూత బిగించిన పెట్టెలో వేరుగా ఉంచండి.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. అదే వయసున్న మామూలు బండి కంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టారనుకోండి. ఆ లక్ష పది శాతం వడ్డీకి ఐదేళ్ల వాయిదాలపై తెస్తే నెలకు సుమారు 2,125 రూపాయలు, ఏడాదికి 25,500 రూపాయలు కట్టాలి. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. మామూలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు, ఇది 12 కిలోమీటర్లు ఇస్తే, ఏడాదికి 100 లీటర్లు ఎక్కువ తాగుతుంది. లీటరు 100 రూపాయల లెక్కన అది 10,000. రెండూ కలిపితే 35,500 రూపాయలు. టైర్లు, రిపేర్లు ఇందులో చేరలేదు.

మీ దారి ఏడాదికి 20 రోజులే బురదగా ఉంటుందా? అయితే ఒక్కో బురద రోజుకు మీరు 1,775 రూపాయలు ఇస్తున్నట్టు. ఆ డబ్బుకు ఆ 20 రోజులూ ఊళ్లో ట్రాక్టరు మాట్లాడుకుంటే ఎంతవుతుందో పోల్చి చూడండి. కొండ మీద ఊరు, వంద రోజులు దారి పాడైపోయి ఉంటుందా? అప్పుడు రోజుకు 355 రూపాయలు. అది గిట్టుబాటే. అంకెలు మీ ఊరివి వేసుకోండి, లెక్క మాత్రం ఇదే. పోయిన వానాకాలంలో ఎన్ని రోజులు మామూలు ఆటో మీ ఊరికి రాలేకపోయిందో ఇంట్లో అందరూ కూర్చుని గుర్తు చేసుకోండి.

పాత బండి కొనేటప్పుడు చూడాల్సినవి

* ముందు ఇరుసు నిజంగా పనిచేస్తుందా? చూడ్డానికి జీపే అయినా రెండు చక్రాలే లాగే రకాలు చాలా వచ్చాయి. 2023 నుంచి థార్‌లో కూడా రెండు చక్రాల రకం అమ్ముతున్నారు. కిందకు వంగి చూడండి. ముందు ఇరుసు మధ్యలో గుండ్రటి డిఫరెన్షియల్, దానికి వచ్చే షాఫ్టు కనబడాలి. కొందరు షాఫ్టు తీసేసి అమ్ముతారు. రాడ్డు మాత్రం ఉంటుంది.

* మట్టి బాట మీదకు తీసుకెళ్లి రాడ్డు వేయండి. లో గేరు కూడా వేయండి. పడిన గేరు ఎగిరిపోతున్నా, గరగరమని చప్పుడు వచ్చినా వదిలేయండి.

* స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి నిదానంగా నడపండి. ముందు చక్రాల దగ్గర టకటకమంటే జాయింట్లు పోయినట్టే.

* ఇరుసు చివర్లలో, గేరు పెట్టెల కింద నూనె కారుతోందేమో చూడండి. డిఫరెన్షియల్ నూనె పాలలా తెల్లబారి ఉంటే లోపల నీరు చేరినట్టు. ఆ బండి వరదలో మునిగి ఉండొచ్చు. సీట్ల కింద, కార్పెట్ల కింద ఒండ్రు మట్టి ఉందేమో వెతకండి.

* చాసీ తుప్పు పట్టిందా, వెల్డింగు అతుకులున్నాయా చూడండి. రంగు కొత్తగా ఉందని మురిసిపోకండి.

* మీ మెకానిక్కుకు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్కు మాట నమ్మకండి.

కాగితాలు సరిగా లేకపోతే బండి మీది కాదు

సీ బుక్కులో ఉన్న చాసీ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. పాత పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజను వేసినవి చాలా ఉన్నాయి. ఆ మార్పు సీ బుక్కులో ఎక్కకపోతే రేపు ఇన్సూరెన్సు వాళ్లు, ఆర్టీఓ వాళ్లు ఒప్పుకోరు. బండి మీద ఫైనాన్సు ఉంటే బాకీ లేదన్న కాగితం, 35వ నంబరు ఫారం తీసుకోండి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. అమ్మినవాడి పేరు మీదే బండి నడుపుకుంటే ప్రమాదం జరిగినప్పుడు ఇద్దరూ ఇరుక్కుంటారు. వేరే రాష్ట్రం బండి చౌకగా వస్తోందంటే అక్కడి అభ్యంతరం లేదన్న పత్రం, ఇక్కడ కట్టాల్సిన పన్ను కూడా లెక్కలో వేసుకోండి.

సొంత బండ్ల రిజిస్ట్రేషను 15 ఏళ్లకు తీరిపోతుంది. తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 14 ఏళ్ల బండి చౌకగా ఇస్తున్నాడంటే ఎందుకో ఆలోచించండి. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పకూడదు. కిరాయి మనుషులున్నప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది, నష్టపరిహారం మీ భూమి మీదకు వస్తుంది. వాయిదాలు కిరాయి డబ్బుతో తీరుద్దామని ఎవరన్నా చెబితే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

ఏజెన్సీలో, కొండవాలు ఊళ్లలో, నెలల తరబడి దారి పాడైపోయే చోట, ఆస్పత్రి దూరంగా ఉన్న ఇంటికి ఈ బండి తగును. నాలుగైదు ఇళ్లవాళ్లు నమ్మకంగా కలిసి ఉంటే ఒకరి పేరున కొని, డీజిలు, రిపేరు పంచుకోవచ్చు. ఎవరి వంతు ఎప్పుడో ముందే కాగితం మీద రాసుకోండి.

ఊళ్లోకి తారు రోడ్డు ఉండి, చేను బాట మాత్రమే పది ఇరవై రోజులు బురదగా ఉండే చోట ఈ ఖర్చు దండగ. ఎత్తు ఉన్న మామూలు బండికి పట్టున్న టైర్లు వేయించుకోండి. ఆ బాట వెంట పొలాలున్న రైతులంతా కలిసి పల్లపు చోట్ల నాలుగు ట్రక్కుల గ్రావెలు తోలించి, పక్కన నీరు పోయే కాలువ తీస్తే ఊరందరి ఎడ్లబండ్లకు, ట్రాక్టర్లకు కూడా దారి బాగుపడుతుంది. గ్రామసభలో పొలం బాట పని పెట్టమని పట్టుబట్టండి.

పంట రుణం తీసి బండికి బయానా ఇవ్వడం మాత్రం ఎవరికీ తగదు. ఎరువులకు మళ్లీ బయట వడ్డీకి తేవాల్సి వస్తుంది. పొలం తాకట్టు పెట్టి బండి కొనడం అంతకంటే తగదు. భూమి పంట ఇస్తుంది, బండి ఖర్చు తెస్తుంది.

పక్కింటివాడు కొన్నాడని, పెళ్లి సంబంధం వాళ్ల ముందు గొప్పగా ఉంటుందని తొందరపడకండి. ఈ వానాకాలం గోడ మీద క్యాలెండరులో బండి పోలేని ప్రతి రోజుకూ ఒక సున్నా చుట్టండి. దసరా నాటికి ఎన్ని సున్నాలున్నాయో చూసుకుని అప్పుడు బేరానికి వెళ్లండి.